హేక్ కోవ్‌కు రెండు ఫిరంగులు

హేక్ కోవ్, మసాచుసెట్స్ తీరం
1778 ఆగస్టు నెలాఖరు

బాస్టన్ రేవులో ఫ్రెంచి నౌకాదళానికి నోరూ చెవీ తామే అయి వెలుగుతున్న దుబాసీ దొర, మా అక్క మొగుడు ఎలీఫలెట్ గోరం గారి సముఖానికి,

బావమరిది బార్జిలై బేర్స్ దండాలు. వెండి కంచాల వాళ్ళ పక్కన కూచుని తింటున్నారట కనక ఈ ఉత్తరంలో మిమ్మల్ని "మీరు" అనే అంటాను. చెయ్యి నొప్పెడితే మానేస్తాను.

అక్క హిట్టి కుశలం. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొన మీద మీ ఇంట్లోనే ఒక్కతీ ఉంటోంది. "ఇంగ్లీషు వాళ్ళు సముద్రం మీద తిరుగుతున్నారు, మా ఇంటికొచ్చెయ్యక్కా" అంటే, "మీ బావ పడవ వస్తే ముందు నాకే కనపడాలిరా" అంది. మీ ముఖం అందరికన్నా ముందు చూడాలనుకునే మనిషి ఈ తీరం మొత్తమ్మీద ఆవిడొక్కతే. అపురూపంగా చూసుకోండి.

ఇక అసలు సంగతి. మీ చెవిన ఇప్పటికే పడి ఉంటుంది. ఇతరుల నోట వింటే ఉప్పూ కారం ఎక్కువవుతాయని నేనే రాస్తున్నాను.

మొన్నటి తుఫాను వెలిసిన పొద్దున మా అఖాతం మూతి దగ్గరికి ఒక పెద్ద యుద్ధనౌక కొట్టుకొచ్చింది. తెరచాప కొయ్యలు మొత్తం విరిగిపోయి, ఈకలు పీకిన బాతులా ఉంది. వెనక భాగాన దుప్పటంత తెల్లగుడ్డ ఎగురుతోంది. దాని మీద బొమ్మా లేదు, గీతా లేదు. తెల్లగుడ్డ ఎగరేస్తే లొంగిపోయినట్టే కదా! అది ఫ్రెంచి రాజుగారి జెండా అని మాకెవడు చెప్పాడు? పాత యుద్ధంలో ఫ్రెంచి జైల్లో రెండేళ్ళు కూచొచ్చిన మీరు ఒక్కనాడైనా చెప్పారా? వాళ్ళ ఉల్లిపాయ చారు గురించి మాత్రం ఆదివారం ఆదివారం చెప్పేవారు.

ఇంగ్లీషు ఓడే లొంగిపోయిందనుకున్నాం. జక్కీ హాలెట్ గాడూ నేనూ ఇంకో నలుగురమూ పడవేసుకుని బయల్దేరాం. కొట్టుకొచ్చిన తిమింగలం మీద ముందు ఎవడి ఈటె దిగితే అది వాడిదే కదా మన రివాజు. పక్క ఊళ్ళ వాళ్ళు వచ్చేలోగా కానిచ్చేద్దామని, మా బేర్స్ వాళ్ళ గుర్తు చెక్కిన ఈటె తీసి ఓడ పక్కలో దించాను. బాగా దిగింది. "మనదే! మనదే!" అని జక్కీ గాడు గావుకేక. పైనుంచి తలలే తలలు. రాత్రి టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి వంగి ఈటెను చూశాడు, నన్ను చూశాడు, పళ్ళన్నీ బయటపెట్టాడు. కోపమో నవ్వో తెలియలేదు. తాడు కట్టి ఒక సీసా దింపాడు. లొంగిపోయినవాడు ఇంత మంచి బ్రాందీ ఇస్తాడా అని అప్పుడే అనుమానం రావలసింది. సీసా అయిపోయాక గాని రాలేదు.

తరవాత మా పాస్టరు గారొచ్చి లాటిన్‌లో మాట్లాడి, వీళ్ళు మన మిత్రులురా వెధవల్లారా అని చెప్పారు. అప్పుడు మేమే ఓడను లోపలికి లాగి, మంచినీళ్ళిచ్చి, కొత్త కొయ్యకు చెట్టు నరికిచ్చాం. "పటియాంత్" అట దాని పేరు. మీ దగ్గరికే వచ్చింది. నా ఈటె ఇంకా దాని డొక్కలోనే ఉంది.

ఇప్పుడు మనవి. ఆ కెప్టెన్‌తో చెప్పి మా కొన మీద పెట్టుకోవడానికి రెండు ఫిరంగులు ఇప్పించండి. ఇంగ్లీషు వాళ్ళు న్యూపోర్ట్‌లో తిష్ఠ వేసుక్కూచున్నారు. ఈ తీరంలో దిక్కులేని ఊరు ఏదా అని చూస్తున్నారు. మాకున్న ఒక్క చిన్న ఫిరంగీ పగిలి ఉంది. అదెలా పగిలిందో మీకూ నాకూ ఊరికీ తెలుసు, ఆ ఊసు ఇప్పుడెందుకు. మీ నోట్లోంచి ఫ్రెంచిలో రెండు ముక్కలు రాలిస్తే చాలు.

ఇట్లు,
చెయ్యి అప్పుడే నొప్పెడుతున్న
బార్జిలై

*

బాస్టన్, సెప్టెంబరు

బార్జిలై,

నీకు "చిరంజీవి" అని రాయడానికి కలం ఒప్పుకోలేదు.

నీ ఘనకార్యం నేను ఎలా విన్నానో చెబుతాను. కెప్టెన్ మొర్వాన్ గారు అధికారులందరి ముందూ నన్ను పిలిపించారు. బల్ల మీద నీ ఈటె ఉంది. "ఈ గుర్తు ఏ తెగ వాళ్ళది?" అని అడిగారు. అడవి జాతి వాళ్ళెవరో అనుకున్నారాయన. నా భార్య తమ్ముడిదని నా నోటితో నేను చెప్పవలసి వచ్చింది. ఆ గదిలో ఎంతమంది నన్ను చూశారో నీకు తెలియదు. ఈ కొలువు కోసం నేనెంత కష్టపడ్డానో కూడా నీకు తెలియదు. ఈ నగరంలో ఫ్రెంచి వాళ్ళ మీద ఇప్పటికే బోలెడు ద్వేషం ఉంది. న్యూపోర్ట్ ముట్టడి వదిలేసి వచ్చారని తిడుతున్నారు, రొట్టెల దగ్గర కొట్టుకుంటున్నారు. అటు వాళ్ళకూ ఇటు వీళ్ళకూ మధ్య నిలబడి, మాటలకు పదును తగ్గించి అటూ ఇటూ చేరవేసేది నేను. నువ్వు ఈటె దించావు.

ఫిరంగి పగిలిన ఊసు ఎందుకన్నావు. ఎందుకో చెబుతాను. తీర రక్షణ దళానికి నన్ను నాయకుడిగా ఎన్నుకోవలసిన కవాతు రోజున, ఊరంతా, హిట్టితో సహా, చూస్తుండగా, నేను "కాల్చండి" అని ఆజ్ఞ ఇచ్చాను. నువ్వు ముందు రాత్రి ఆ ఫిరంగిలో కాడ్ చేపల పేగులు కూరావు. అవి నా కొత్త కోటు మీదా, నా ముఖం మీదా, పాస్టరు గారి పెద్ద బైబిలు మీదా పడ్డాయి. ఫిరంగి పగిలింది. ఊరు నవ్వింది. నాయకుడిగా చర్చి పెద్ద డీకన్ సీర్స్‌ను ఎన్నుకున్నారు. ఆయనకు కుడి కన్ను కనపడదు. ఆ మర్నాడే నేను ఊరు వదిలాను. ఉన్న ఒక్క ఫిరంగినీ పగలగొట్టినవాడు ఇప్పుడు నన్ను ఫిరంగులు అడుగుతున్నాడు!

కెప్టెన్ గారి నిర్ణయం ఇది. రాజుగారి ఓడను అవమానించినందుకు నువ్వు మోకాళ్ళ మీద నిలబడినట్టుగా క్షమాపణ రాసి పంపాలి. అది అందే దాకా హేక్ కోవ్‌కు ఫిరంగి కాదు గదా, చిటికెడు తుపాకి మందు కూడా ఇవ్వరు.

అయినా మీ ఎండుచేపల కోసం ఇంగ్లీషు నౌకాదళం దిగివస్తుందని ఊహించుకోవడం నీకే చెల్లింది. హిట్టికి నా ఆశీస్సులు చెప్పు. చలి మొదలయ్యేలోగా వస్తానని చెప్పు.

ఎలీఫలెట్ గోరం

*

హేక్ కోవ్, సెప్టెంబరు

కాడ్ పేగుల వాసన ఇంకా వదలని బావకి,

చెయ్యి నొప్పి. ఇక నుంచి "నువ్వే".

మోకాళ్ళ మీద నిలబడి రాయమన్నారుగా, అలాగే నిలబడి రాశాను. జక్కీ గాడు సాక్షి. నా మోకాళ్ళ కింద మెత్తగా ఉండాలని ఒక గొర్రెను పడుకోబెట్టాం. క్షమాపణ కింద రాస్తున్నాను, ఫ్రెంచిలోకి మార్చి వినిపించు.

"అయ్యా కెప్టెన్ దొరా! మీ ఓడను చచ్చిన తిమింగలం అనుకున్నందుకు మన్నించండి. వాసనను బట్టి మోసపోయాను. మీ జెండాను దుప్పటి అనుకున్నందుకు మన్నించండి. ఈసారి దాని మీద కనీసం ఒక కోడిపుంజు బొమ్మైనా వేయించండి, దూరం నుంచి వచ్చేది ఎవరో మావంటి మొద్దులకు తెలుస్తుంది. మీ బ్రాందీ తాగినందుకు మాత్రం మన్నించవద్దు, ఇంకో సీసా పంపండి, అప్పుడు రెండింటికీ కలిపి అడుగుతాను."

ఇంతకన్నా వినయం మా వంశంలో లేదు.

నవ్వు అయిపోయింది. ఇక విను. బెడ్‌ఫర్డ్ రేవును ఇంగ్లీషు వాళ్ళు తగలబెట్టారు. గోదాములు, ఓడలు, తాళ్ళు పేనే పాకలు అన్నీ బూడిద. అక్కణ్ణుంచి వైన్‌యార్డ్ ద్వీపానికి పోయి, గొర్రెలన్నిటినీ తోలుకుపోయారట. ఎండుచేపల కోసం దిగిరారన్నావు. గొర్రెల కోసం దిగారు గదా! చలికాలం మా ఊరు తినేది పందిళ్ళ మీద ఆరుతున్న ఆ చేపే. అది పోతే తినడానికి నీ ఉత్తరాలే మిగుల్తాయి, వాటిలో ఉప్పు తక్కువ.

మేం చేతులు ముడుచుకు కూచోలేదు. పాత తెరకొయ్యలు మూడు నరికి, తారు పూసి, కొన మీద ఫిరంగుల్లా బళ్ళకెక్కించాం. సముద్రం మీంచి చూస్తే గుండె జారుతుంది. దగ్గరికొస్తే మాత్రం ఒకదాని మీద అక్క బట్టలారేసి ఉంటుంది. "తియ్యక్కా, శత్రువు చూస్తాడు" అంటే, "గాలి బాగా తగిలేది అక్కడేరా" అంటుంది.

నువ్వు చలికి ముందు వస్తావన్న మాట చెప్పాను. ఆవిడ నవ్విన నవ్వు చూస్తే నీ మీద కోపం తగ్గుతుందేమోనని అటు తిరిగి నిలబడ్డాను.

బార్జిలై

*

బాస్టన్, సెప్టెంబరు నెలాఖరు

బార్జిలై,

నీ రాత కెప్టెన్ గారికి అక్షరం పొల్లుపోకుండా వినిపించాను. ఆయన దాన్ని చించి సముద్రంలో పడేశారు. కసాయివాడి దుకాణంలో కూడా ఇలాంటి భాష వినలేదన్నారు.

ఇక్కడ మేం ఏం చేస్తున్నామో చూస్తే నువ్వు నోరు మూసుకుంటావు. రేవు బయట ద్వీపాల మీద ఫ్రెంచి వాళ్ళు మట్టి గోడలు లేపి, ఓడల్లోంచి పెద్ద ఫిరంగులు దింపి వరసగా నిలబెట్టారు. ఇంగ్లీషు దళం మొత్తం వచ్చి చూసి, కుక్క ముళ్ళపంది చుట్టూ తిరిగినట్టు తిరిగి వెళ్ళిపోయింది. ఈ నెల మొదట్లో జరిగింది ఇది. ఆ ఫిరంగులు ఎటు తిప్పాలో మన తీరం తెలిసినవాడిగా వాళ్ళు నన్నే అడిగారు. నన్నే.

చివరిసారి చెబుతున్నాను. క్షమాపణలో వెకిలితనం ఉండకూడదు. పాస్టరు గారి ఎదుట రాయాలి. కవాతు రోజున నువ్వు చేసిన పని కూడా అందులో ఒప్పుకోవాలి, అందరి ముందూ నన్ను అవమానించినట్టు స్పష్టంగా రాయాలి. ఇది కెప్టెన్ గారి షరతు.

ఎ. గోరం

*

హేక్ కోవ్, అక్టోబరు

బావా,

పాస్టరు గారు ఎదురుగా కూచున్నారు. ఇందులో గొర్రె లేదు, జక్కీ లేడు.

నిన్న మంచు పట్టిన వేళ ఒక ఇంగ్లీషు స్కూనరు ఓడ మా అఖాతం బయట ఆగింది. దాంట్లోంచి చిన్న పడవ దిగి, సీసపు గుండు వేసి లోతు చూసుకుంటూ కొన దాకా వచ్చింది. మా తారు కొయ్యల వంక దుర్భిణి పెట్టి చూశారు. చాలాసేపు చూశారు. ఒకడు ఏదో అన్నాడు, మిగతావాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు బావా, నేను జీవితమంతా నవ్విన నవ్వే అది. తరవాత తీరిగ్గా వెళ్ళిపోయారు. లోతు చూసుకుపోయినవాడు మళ్ళీ వస్తాడు.

కనక రాస్తున్నాను. కెప్టెన్ గారికి: మీ రాజుగారి ఓడ మీద ఈటె వేశాను. తెలియక వేసినా వేసింది నేనే. క్షమించండి. మా ఊళ్ళో ఆడవాళ్ళున్నారు, ముసలివాళ్ళున్నారు. నా తప్పును వాళ్ళ మీద పెట్టకండి. రెండు ఫిరంగులు ఇస్తే కాపలా మేమే కాసుకుంటాం.

నీకు: కవాతు రోజున ఫిరంగిలో పేగులు కూరింది నేను. ఊరి ముందు నీ తల తీసేశాను. ఫిరంగి పగులుతుందనుకోలేదు, నీ మనసూ పగులుతుందనుకోలేదు. నువ్వు నాయకుడివైతే ఈ కొన మీద ఇవాళ కొయ్యలుండేవి కావు, ఎక్కడో ఒకచోట అడిగి నిజం ఫిరంగులే తెచ్చేవాడివి. ఇది రాయడానికి నాకు పొద్దున్నుంచి పట్టింది.

ఫ్రెంచి కెప్టెన్‌కు మా ఊరి కవాతు గోల ఎందుకో నాకు తట్టలేదనుకోకు. తట్టింది. అయినా రాశాను. ఆయన అడిగినా నువ్వడిగినా నాకిప్పుడు ఒకటే. దీన్ని నువ్వు మేడ ఎక్కి చదివి వినిపించుకో, బాస్టన్ అంతా అతికించుకో. ఫిరంగులు మాత్రం పంపు.

అక్క కొన వదిలి రానంటోంది. నేను మోసుకొస్తానంటే చీపురు తీసింది.

బార్జిలై బేర్స్
(ఇతను నా ఎదుట, మనస్ఫూర్తిగానే రాశాడు. – పాస్టరు)

*

బాస్టన్, అక్టోబరు

బార్జిలై,

బాగుంది. పాస్టరు గారి చేవ్రాలు కూడా బాగానే దించావు. మనస్ఫూర్తి అట! స్కూనరట, సీసపు గుండట, మంచట. నీ వేషాలు ఇరవై ఏళ్ళుగా చూస్తున్నవాణ్ణి. నేను దీన్ని నమ్మి కెప్టెన్ గారి ముందు కన్నీళ్ళతో చదివితే, అందులో ఏ మూలో పేలేది ఇంకోటి పెట్టి ఉంటావు. ఈసారి నా ముఖం మీద ఏం పడాలని?

నిజంగా పశ్చాత్తాపం ఉంటే బాస్టన్ రా. పెద్ద వంతెన రేవు మీద, పట్టపగలు, నా ముందు నిలబడి నోటితో చెప్పు. అప్పుడు చూద్దాం.

ఎ. గోరం

*

హేక్ కోవ్, అక్టోబరు చివరి రోజులు

శ్రీ ఎలీఫలెట్ గోరం గారికి,

మీ ఉత్తరం అందిన రోజు పొద్దున్నే ఇంగ్లీషు వాళ్ళు వచ్చారు.

స్కూనరు నిజమే. దాంతోబాటు ఇంకోటి. మంచులోంచి పడవలు ఒకేసారి మూడు వైపులా దిగాయి. మా తుపాకులు నాలుగు పేలాయి, రెండు తడిసి పేలలేదు. డీకన్ సీర్స్ గారు కనపడే కంట్లోంచి నెత్తురు కారుతున్నా నిలబడ్డారు, నేను ఇన్నాళ్ళూ ఆయన్ని వెక్కిరించినందుకు సిగ్గుపడ్డాను. వాళ్ళు కొన మీదికెక్కి మా తారు కొయ్యల మీద కూచుని పైపులు ముట్టించుకున్నారు. పందిళ్ళన్నీ తగలబెట్టారు. ఎండుచేప మండితే ఎలాంటి వాసనొస్తుందో మీకు తెలియదు. పడవలు మూడు పోయాయి. చావులు లేవు.

మీ ఇంటి సంగతి. వాళ్ళ అధికారి కుర్రవాడే. టోపీ తీసి, "అమ్మా, మీరు బయటికి రండి, మాకు పందిళ్ళతోనే పని" అన్నాడట. అక్క గుమ్మంలో నిలబడి, "నా మొగుడెవరో తెలుసా? బాస్టన్‌లో ఫ్రెంచి వాళ్ళ దగ్గర దుబాసీ. రేపో మాపో ఫిరంగులు తెస్తాడు, అప్పుడు చూస్తాను మీ సంగతి" అంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు, నమ్మిందే చెప్పింది. అప్పుడు ఆ కుర్రవాడు టోపీ పెట్టుకుని, ఈ ఇల్లు కూడా కాల్చండన్నాడు.

బయటికి లాక్కొచ్చాక ఆవిడ మళ్ళీ లోపలికి పరిగెత్తింది. మీ పెళ్ళి కోటు కోసం. కోటు సగం దక్కింది. చేతులు రెండూ మోచేతుల దాకా కాలాయి. వేళ్ళు ముడుచుకుపోకుండా జక్కీ వాళ్ళమ్మ పెద్దబాతు కొవ్వు పట్టించి కట్లు కట్టింది. ఇప్పుడు మా ఇంట్లో ఉంది. చేపల చౌడరు నేనే చెంచాతో తాగిస్తున్నాను. ఏడవలేదు. "ఆయనకి రాయకురా, కంగారుపడతాడు" అంది.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కానీ నిన్న ఇంకో పడవ వచ్చింది, తెల్లజెండాతో. పటియాంత్ మీది చిన్న అధికారి, కెర్వాదెక్ అనే ఆయన. బాస్టన్‌లో ఉండి మన మాటలు కాసిని నేర్చాడు. రెండు ఫిరంగులు, గుండ్లు, మందు, వాటిని పేల్చే గోలందాజులు ఇద్దరు. నౌకాదళం వెళ్ళిపోతోందట, ద్వీపాల మీది ఫిరంగులు ఓడలెక్కిస్తున్నారట. మా ఊరి పొగ చూసిన జాలరి ఎవడో చెబితే, కెప్టెన్ ఎవరినీ అడక్కుండా ఇవి పంపాడట.

చేపల కొట్టంలో ఆయనా నేనూ ఉన్నాం, ఇంకెవరూ లేరు. అడిగాడు: "ఈటె వేసింది నువ్వేనా? మా కెప్టెన్ దాన్ని గదిలో గోడకి పెట్టుకున్నాడు. విందుకొచ్చిన ప్రతివాడికీ చూపించి నవ్వుతాడు. నిన్ను చూడాలంటాడు."

"మరి కోపమన్నారే?"

"కోపం ఏమిటి? వచ్చిన మొదటివారమే ఆ ఊరికి రెండు ఫిరంగులు ఇస్తానన్నాడు, నీళ్ళిచ్చారు, కొయ్య ఇచ్చారని. మీ దుబాసీయే వద్దన్నాడు. ఆ ఊరివాళ్ళకి ఫ్రెంచి ఫిరంగులంటే పడదు, దైవభక్తులు, ముట్టుకోరు అన్నాడు. కెప్టెన్ బాధపడ్డాడు."

ఆయనకి రమ్ము పోశాను.

నా క్షమాపణలు రెండూ ఎవరికీ వినిపించలేదని ఇప్పుడు తెలిసింది. మొదటిది చించి సముద్రంలో వేసిందెవరో కూడా. మీ అక్షరాలు ఎప్పుడూ అందంగా ఉంటాయి.

బార్జిలై బేర్స్

*

బాస్టన్

బార్జిలై,

హిట్టికి చెప్పావా?

*

హేక్ కోవ్, నవంబరు

బావా,

చెప్పలేదు.

నా కడుపులో మాట ఒక పూట నిలవదని నీకు తెలుసు. ఇది నిలిచింది. రోజూ పొద్దున చెంచా ఎత్తేటప్పుడు ఆవిడ అంటుంది: "చూశావట్రా, ఆయన పంపించాడు. ఆలస్యమైనా పంపించాడు. నువ్వు ఆయన్ని ఎప్పుడూ నమ్మలేదు." నేను చౌడరు చల్లారుతోందంటాను.

ఆవిడొక్కతే కాదు, ఊరంతా అదే అనుకుంటోంది. ఫ్రెంచి వాళ్ళ దగ్గరున్న మనవాడు ఒక్కడే కదా, ఫిరంగులు ఇంకెవరి మాట మీద వస్తాయి? ఆదివారం డీకన్ సీర్స్ కంటికి కట్టుతోనే లేచి నీ పేరు చెప్పి ప్రార్థన చేశాడు. ఆ రోజు నిన్ను కాదని తనని ఎన్నుకోవడం ఊరు చేసిన తప్పేనన్నాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మొదటి ఉత్తరం రాసేనాటి నేనైతే అక్కడే లేచి గుట్టంతా విప్పేసేవాణ్ణి. కూచునే ఉన్నాను.

సోమవారం ఊరి సభ జరిగింది. కొన మీద, మీ ఇల్లున్న చోటే, ఫిరంగుల దిబ్బ కడుతున్నారు. పునాది రాళ్ళు మీ పొయ్యివే. దానికి పేరు పెట్టాలన్నారు. "గోరం దిబ్బ" అని ప్రతిపాదించింది నేను. అవును, నేనే. జక్కీ గాడు నన్ను జ్వరమొచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు. ఒక్క చెయ్యి కూడా కింద ఉండలేదు. అక్క రెండు కట్ల చేతులూ ఎత్తింది.

పలక మీద నీ పేరు చెక్కడం అయిపోయింది. మంచి రాయి, వంద చలికాలాలకు కూడా చెరగదు. ఫ్రెంచి గోలందాజులిద్దరూ వెళ్ళే ముందు మాకు ఫిరంగి నేర్పుతున్నారు. మంచివాళ్ళు, ఆకలెక్కువ. ఉల్లిపాయ చారు నిజంగానే బాగుంటుంది, నువ్వు అబద్ధం ఆడని విషయం అదొక్కటి.

కృతజ్ఞతా ప్రార్థన రోజున దిబ్బను ప్రారంభిస్తారు. నువ్వు రావాలని ఊరు తీర్మానించింది, ఆ కబురు రాసే పని నాకే ఒప్పజెప్పారు, కనక రాస్తున్నాను. నువ్వు ఆ పలక పక్కన నిలబడాలి. నీ పెళ్ళి కోటు మిగిలిన సగానికి అక్క గుడ్డ అతికించమని జక్కీ వాళ్ళమ్మకి చెబుతోంది, కాలిన చేతులతో తను కుట్టలేదు కనక. అది వేసుకోవాలి. ప్రార్థన అయ్యాక, ఫిరంగులు ఎలా సాధించావో ఊరికి నువ్వే నీ నోటితో చెప్పాలి. అందరూ అదే అడుగుతున్నారు. ఎదురుగా మొదటి బెంచీ మీద అక్క కూచుంటుంది. పక్కన నేను. నేను నవ్వను, దగ్గను, పేలేదేదీ ఎక్కడా పెట్టను. ఈ మాట పాస్టరు గారి ఎదుటే రాస్తున్నాను, ఆయనకి విషయం తెలియదు.

నువ్వు ఏం చెబుతావో నీ ఇష్టం. ఏది చెప్పినా నేను తలాడిస్తాను.

రాకపోతే మాత్రం, ఎవరో ఒకరు లేచి మాట్లాడాలి కదా బావా. నేను మాట్లాడతాను.

బార్జిలై